శపితపర్వతముల సీమారేఖలు

పర్వతములు దేశములకు సహజమైన యెల్లలని భూగోళగ్రంథములు సామాన్యముగాఁ జెప్పుచుండును. శిఖరముల వరుస యొకటి యున్నచో దాని కీవల నొక రాజ్యమును, ఆవల నొక రాజ్యమును ఉండుట యుక్తమని పటములు వ్రాయువారు తలఁతురు. ఈ యభిప్రాయ మెంతవఱకు నిజమో పరీక్షించుటకు బాల్కను ద్వీపకల్పమునందలి యొక చిన్న కొండసీమ మిక్కిలి తగినది. మాంటినీగ్రో, అల్బేనియా, కొసోవో యను మూఁడు దేశములును నేఁడు గలియుచోట నా సీమ యున్నది. అందలి ప్లావ్, గూసిన్యె యను రెండు చిన్నపట్టణములను గూర్చి 1878 మొదలు 1880 వఱకు నైరోపాలోని యాఱు మహారాజ్యములు తర్జనభర్జనలు సలిపినవి. సంధిపత్రము లొకదానివెంట నొకటి మాఱినవి. తుదకు నౌకాదళములుగూడఁ గదలినవి. ఆ సీమయొక్క భూగోళమును, చరిత్రమును గలిపి చూచినచో, దూరమున నుండి చూచువారికి గోడవలెఁ గనఁబడు కొండ యందు వసించువారికి ఇల్లనియు, ఇంటి నడుమ గీఁతగీయుటవలననే యచ్చటి దుఃఖములు పెక్కులు పుట్టినవనియుఁ దేటపడును.

భూస్వరూపము

ఈ పర్వతసమూహమును స్లావులు ప్రోక్లేతియె యనియు, అల్బేనియనులు బ్యెష్కెత్ ఎ నెమునా యనియుఁ బిలుతురు. రెండింటికిని శపింపఁబడిన కొండలనియే యర్థము. ఆడ్రియాటికు సముద్రతీరమువెంట వాయవ్యమునుండి యాగ్నేయమునకు సాగివచ్చు దినారికు పర్వతపంక్తి యిచ్చట నత్యున్నతి నందుచున్నది. పంక్తి కెల్ల మిన్నయగు మాయా ఎ యెజెర్త్సెస్ శిఖరము 2694 మీటరుల (సుమారు 8,839 అడుగుల) యెత్తుగలది, అది యల్బేనియాలోనిది. కొసోవోలోని గ్యెరావిత్సా 2656 మీటరులు, మాంటినీగ్రో యెల్లపైనున్న జ్లా కొలాతా 2534 మీటరులు. మూఁడు దేశములకుఁ జెందిన మహాశిఖరము లొక్క పర్వతసమూహమునందే యిట్లు చేరియుండుట గమనింపఁదగినది.

ఈ కొండలు చాలవఱకు సున్నపుఱాతివి. వాననీరును, కరఁగిన మంచునీరును ఱాతిపగుళ్లలో దిగి యదృశ్యమై, క్రింది లోయలలో నూటలై వెడలును. గూసిన్యె చెంతనున్న అలీపాషా యూటలు ఇట్టివే. పూర్వ మొకానొక కాలమున నిచ్చటి లోయలను హిమానీనదములు నిండియుండెను. వాని జాడలను సెర్బియా దేశపు భూగోళశాస్త్రజ్ఞుఁడు యోవాన్ త్స్వియిచ్ (1865–1927) పరిశోధించెను. హిమానీనదము తెచ్చి కుప్పవేసిన ఱాలు నీటి కడ్డుగా నిలువఁగా నేర్పడినదే ప్లావ్ సరస్సు. అది సముద్రమట్టమునకు సుమారు 906 మీటరుల యెత్తున, రెండు చదరపు కిలోమీటరుల పరిమాణమునఁ గలదు. దాని యొడ్డుననే ప్లావ్ పట్టణము వెలసినది. గూసిన్యె దానికి నైరుతిదిక్కున, అదే లోయలో, శిఖరముల పాదమునఁ గలదు.

నీటి నడకను జూచినచో నీ సీమయందలి చిక్కు తెలియును. ప్లావ్ సరస్సునుండి వెడలు లిమ్ నది యుత్తరముగాఁ బాఱి ద్రీనాలోఁ గలియును. ద్రీనా సావాలోను, సావా డాన్యూబులోను గలియఁగా నా నీరు నల్లసముద్రముఁ జేరును. దక్షిణపార్శ్వముననున్న షాలా, వాల్బోనా నదులును, తూర్పున రుగోవా కందరమునుండి దిగు పేయా బిస్త్రిత్సాయును ద్రిన్ నదీమార్గమున నాడ్రియాటికు సముద్రముఁ జేరును. ద్రీనా వేఱు, ద్రిన్ వేఱు. పేరులఁ బోలికయే కాని గమ్యమునఁ బోలిక లేదు.

ఈ జలవిభాజకమే యెల్లయైయున్నచో శాస్త్రజ్ఞులకైనఁ దృప్తి కలిగెడిది. కాని యట్లును గాలేదు. అల్బేనియా యుత్తరాగ్రముననున్న వెర్మోష్ లోయలోని నీరు తన దేశముతో సంబంధములేక మాంటినీగ్రోలోనికిఁ బాఱి, గూసిన్యె చెంత నితరజలములతోఁ గూడి, ప్లావ్ సరస్సులోఁ బడి, నల్లసముద్రమునకే పోవును. ఆ లోయకుఁ బొరుగుననే పుట్టు చెమ్ నది యల్బేనియానుండియే మాంటినీగ్రోలోఁ బ్రవేశించి, మొరాచా నదియందును, స్కదార్ సరస్సునందును గలిసి, యాడ్రియాటికు దారిఁ బట్టును. కావున నేఁటి సరిహద్దు నీటిని బట్టి వచ్చినది కాదు. శిఖరములను బట్టి వచ్చినదియుఁ గాదు.

జీవనవిధానము

ఈ కొండలలో వ్యవసాయభూమి స్వల్పము. ప్రజల జీవనమునకు మందలే యాధారము. చలికాలమున మందలు లోయలలో నుండును. ఎండకాలమునఁ గుటుంబములు గొఱ్ఱెలతోడను, ఆవులతోడను మీఁది పచ్చికబయళ్ల కెక్కి, యచ్చటఁ గొయ్యగుడిసెలలో వసించి, పాలు, వెన్న, జున్ను సిద్ధపఱుచుకొని, మంచు పడకమున్నే దిగివచ్చును. ఆ వేసవినివాసమునకుఁ గాతూన్ అని పేరు. ఇచ్చట నొక భాషావిశేషము గలదు. అల్బేనియను భాషలో బ్యెష్కె యనఁగా నున్నతపర్వతమనియు, వేసవిబీడనియు రెండర్థములు. స్లావుభాషలోని ప్లానినా శబ్దమునకును ఈ రెండర్థములే కలవు. అనఁగాఁ గొండవాసుల రెండు భాషలలోను గొండకుఁ బేరు మందమేతను బట్టియే నిలిచినది. పటములు వ్రాయువాఁడు శిఖరమును జూచును. కాఁపరి శిఖరముక్రింది పచ్చికను జూచును. మొదటివానికి ముగింపైన చోటు రెండవవాని యేఁటిబ్రదుకునకు నడిబొడ్డు.

జనము వంశసమూహములుగా నేర్పడియుండిరి. ఉత్తరమున లిమ్ లోయలో వాసోయెవిచ్ తెగ, పశ్చిమమునఁ గూచి తెగ, దక్షిణమునఁ గెల్మెంది, హోతి, గ్రూదా, ష్క్రెలి తెగలు ప్రసిద్ధములు. వాసోయెవిచ్ తెగవారు స్లావుభాష నాడు సనాతన క్రైస్తవులు. కెల్మెంది మున్నగువారు అల్బేనియను భాష నాడు కాథలికులు. ప్లావ్, గూసిన్యెలలో నుభయభాషల మహమ్మదీయులు పెక్కుమంది. కాని మతమునకును, భాషకును, వంశమునకును గల మేరలు సర్వత్ర యేకముగా నుండవు. కెల్మెంది తెగ చరిత్రమే దీనికి నిదర్శనము. 1700లో పేయా పట్టణపు పాషా యీ తెగలోఁ బెద్దభాగమును బట్టి యుత్తరముననున్న పెష్టెర్ పీఠభూమికిఁ దఱిమెను. కొన్నియేండ్లకు వారిలోఁ బలువురు దారిపొడుగునఁ బోరాడుచు స్వస్థలముఁ జేరిరి. నిలిచిపోయినవారు క్రమముగా మహమ్మదీయులైరి. అందుఁ బెక్కండ్రు స్లావుభాషఁ గైకొనిరి. ఆస్ట్రియాకును, తురుష్కులకును 1737లో ముట్టిన యుద్ధమునఁ గొందఱు ఆస్ట్రియా సైన్యము వెంటఁబోయి, సావానదీతీరముననున్న స్రెమ్ సీమలో హ్ర్త్‌కోవ్త్సి, నికింత్సి గ్రామములఁ గాఁపురముండిరి. గూసిన్యె దాపుననున్న వూసన్యె గ్రామపు మహమ్మదీయులును ఈ వంశజులే. ఒక్క తెగ సంతతి యిట్లు రెండు మతములలోను, రెండు భాషలలోను, నేఁటి లెక్కకు నాలుగు రాజ్యములలోను జెదరియున్నది.

మన్నుమోసిన సీమ

బయటి రాజులు గీసిన యెల్లలకు మున్నే యీ కొండలలో నెల్ల లుండెను. వానిని నిర్ణయించు పద్ధతి యల్బేనియను తెగల యాచారధర్మమగు లెకె దుకగ్యిని కానూనునందుఁ గానవచ్చును. ఇది తరతరములుగా నోటిమాటగా వచ్చినది. ష్త్యెఫెన్ గ్యెచోవ్ అను ఫ్రాన్సిస్కను సన్న్యాసి దీనిని బహువత్సరములు సేకరించెను. ఆయన 1929లో హత్య గావింపఁబడఁగా, గ్రంథము 1933లో ష్కోదర్ పట్టణమున వెలువడెను. దానిననుసరించి, యెల్ల నిర్ణయించు వృద్ధుఁడు ఱాతిని, మంటిపెళ్లను భుజమున మోసికొని, ప్రమాణము చేసి, ముందు నడువవలెను. అతఁడు నడిచిన దారియే యెల్ల. ఎల్లఱాతిచుట్టు చిన్నఱాళ్లు పాఁతుదురు. వానికి సాక్షులని పేరు. ఒకసారి పాఁతిన ఱాతిని గదలించుట మహాపరాధము.

ధర్మశాస్త్ర మెఱింగినవారి కీ పద్ధతి క్రొత్తగాఁ దోఁపదు. మనుస్మృతి యష్టమాధ్యాయమున, సీమావివాదప్రకరణమునందు, సాక్షులు శిరమున మన్ను దాల్చి, యెఱ్ఱనిదండలును, ఎఱ్ఱవస్త్రములును ధరించి, తమ సుకృతములమీఁదఁ బ్రమాణము చేసి, యెల్ల నిర్ణయింపవలయునని విధి కలదు. ఱాళ్లు, ఎముకలు, ఊక, బొగ్గులు మున్నగువానిని భూమిలో దాఁచి గుప్తచిహ్నములు గావింపవలయుననియు నందే చెప్పఁబడినది. ఈ పోలికను బట్టి రెండుజాతులకును దగ్గఱి సంబంధము గల్పింపఁ బనిలేదు. పత్రము లేనిచోట భూమియే పత్రము, మనుష్యుని ప్రాణమే దానిపై ముద్ర యనుట యెచ్చటనైన నొక్కటే.

అట్లని యా తెగల కాలము శాంతియుగమని భ్రమపడరాదు. బీళ్లకై పోరు, ఎల్లలకై హత్య, హత్యకుఁ బ్రతిహత్య యచ్చట నిత్యకృత్యములుగా నుండెను. భేద మొక్కటియే: ఆ యెల్లను మీఱినవానికిని, కాచినవానికిని అది యెచ్చటనున్నదో తెలిసియుండెను; దానిని దాఁటి మందను మేపుకొనుటకు నడుగవలసిన పొరుగువాఁ డెవఁడో తెలిసియుండెను.

బెర్లిను సంధిపత్రము

మధ్యయుగమున నీ సీమ సెర్బియా రాజుల యేలుబడిలో నుండెను. పదునైదవ శతాబ్దమునఁ దురుష్కుల వశమయ్యెను. పందొమ్మిదవ శతాబ్దమున మాంటినీగ్రో యను చిన్నరాజ్యము పశ్చిమమునుండి క్రమముగాఁ బెరుగఁజొచ్చెను. రుష్య తురుష్క యుద్ధానంతరమున 1878 జూను 13 మొదలు జూలై 13 వఱకు బెర్లినునఁ గూడిన మహాసభ ప్లావ్, గూసిన్యెలను మాంటినీగ్రో కొసఁగెను. సంధిపత్రపు 28వ ప్రకరణ మా రాజ్యపు టెల్లను వర్ణించుచుఁ గెల్మెంది, గ్రూదా, హోతి తెగలను అల్బేనియాకే విడిచెను. ఎల్ల గీయుటకుఁ దెగల పేళ్లే గుఱుతులుగాఁ గైకొనఁబడెనే కాని యా తెగలవారి నడుగుట జరుగలేదు.

సభ కూడుటకు మూఁడు దినములు ముందు, జూను 10వ తేదిని, ప్రిజ్రెన్ పట్టణమున నల్బేనియను ప్రముఖులు కూడి యొక సంఘముగా నేర్పడిరి. తమ భూమిని విడువమనుట వారి ప్రధానోద్దేశము. ప్రజలను సమాధానపఱచి పట్టణముల నప్పగించుటకై తురుష్క ప్రభుత్వము మెహ్మెద్ అలీ పాషాను బంపెను. ఈతఁడు జర్మనీలో మాగ్దెబర్గునఁ బుట్టి తురుష్కసేనలో సేనాపతి యైనవాఁడు. బెర్లిను సభలోఁ దురుష్కప్రతినిధులలో నొక్కఁడు. ఈతని నా సెప్టెంబరునందే గ్యకోవా పట్టణమున ముట్టడించి చంపిరి. పిమ్మట గూసిన్యె ప్రభువైన అలీపాషా యా సీమను గాచుటకుఁ బూనుకొనెను. 1879 డిసెంబరు 4న ప్లావ్ కుత్తరముననున్న నోవ్‌షిచె గ్రామముకడ మాంటినీగ్రో సేనకును, ఈతని బలమునకును ఘోరయుద్ధము జరిగెను. మాంటినీగ్రో సేనకు నాయకుఁడు కూచి తెగ పెద్ద మార్కో మిల్యానొవ్. పట్టణములు మాత్రము స్వాధీనము కాలేదు.

అంతట మహారాజ్యములు వేఱొకయుపాయముఁ బన్నినవి. 1880 ఏప్రిలులో నిటలీ రాయబారియగు కోర్తి ప్రభువు ప్రతిపాదించినట్లు, ప్లావ్, గూసిన్యెలకు బదులు హోతి, గ్రూదాల భూమిని మాంటినీగ్రో కీయ నొడంబడిక జరిగెను. రెండేండ్లక్రిందటఁ దాము అల్బేనియాకు విడిచితిమని వ్రాసిన తెగలనే యిపుడు బదులుగా నిచ్చిరి. హోతి, గ్రూదా తెగలు కాథలికులు; ప్లావ్, గూసిన్యెల రక్షకులు మహమ్మదీయులు. ఐనను వారును వీరివలెనే తూజి పట్టణముకడ నాయుధములు వహించిరి. ఈ యెదిరింపు మతమునకై పుట్టినది గాదనుటకు నింతకంటె నిదర్శన మక్కఱలేదు. తుదకు మూఁడవ యుపాయముగా సముద్రతీరముననున్న ఉల్సిన్ పట్టణ మెంచఁబడెను. 1880 సెప్టెంబరున మహారాజ్యముల నౌకలు తీరమునఁ గూడినవి. దెర్వీష్ పాషా యను తురుష్కసేనాని తన ప్రభుత్వపు ప్రజలతోనే పోరి, నవంబరున నా పట్టణమును మాంటినీగ్రో కప్పగించెను. కొండలోని పచ్చికబీళ్లకు బదులుగా సముద్రపురేవు చేతులుమాఱెను.

ఇరువదవ శతాబ్దము

ఉల్సిన్ వలనఁ గలిగిన శాంతి ముప్పదిరెండేండ్లు నిలిచెను. 1912 అక్టోబరున బాల్కను యుద్ధము మొదలిడఁగనే మాంటినీగ్రో సేన ప్లావ్, గూసిన్యెల నాక్రమించెను. 1913 తొలిమాసములలో నచ్చటి మహమ్మదీయులపై బలవంతపు మతమార్పిడులును, మరణదండనలును సాగెను. నేఁటికిని ఆ సంవత్సరము ఆ లోయల కుటుంబములలో మఱవఁబడలేదు. ఆ యేఁటనే లండనునఁ గూడిన రాయబారుల సభ యల్బేనియాను బ్రత్యేకరాజ్యముగా నంగీకరించుచు, ప్లావ్, గూసిన్యెలను గ్రూదాను మాంటినీగ్రోకు విడిచి, హోతి తెగను రెండుగాఁ జీల్చెను. ఎల్లను భూమిపై గుర్తించు కార్యము 1914 నాఁటి మహాయుద్ధముచే నాగిపోయెను. 1921 నవంబరున రాయబారుల సభ 1913 నాఁటి రేఖనే కొలఁదిమార్పులతో స్థిరపఱుపఁగా నా పని మరల సాగినది.

అప్పటికిని గాఁపరులు రేఖను దాఁటి బీళ్లకుఁ బోవుట పూర్తిగా మానలేదు. రేఖను గోడగా మార్చినది 1948వ సంవత్సరము. ఆ యేఁట యుగోస్లావియాకును సోవియటు రుష్యాకును వైరము పుట్టఁగా, నల్బేనియా రుష్యా పక్షము వహించి, తన యెల్లలను మూసివేసెను. వెర్మోష్ నీరు ప్లావ్ సరస్సునకుఁ బోవుచునేయుండెను. వెర్మోష్ మనుష్యులు గూసిన్యె సంతకుఁ బోవుట నిలిచెను. ఒక కనుమ కిరువైపులనున్న యన్నదమ్ములు ఒకరి మరణవార్త నొకరు వినని దినములు వచ్చినవి. 1991 ప్రాంతమున నా ప్రభుత్వము కూలువఱకును ఇట్లే జరిగెను.

తరువాత యుగోస్లావియా విచ్ఛిన్నమయ్యెను. మాంటినీగ్రో 2006లో స్వతంత్రమైనది. కొసోవో 2008లో స్వాతంత్ర్యము ప్రకటించుకొనెను. సెర్బియా దాని నంగీకరింపకపోయినను మాంటినీగ్రో యా యేఁటనే యంగీకరించినది. ఆ రెంటికి నడుమ 2015 ఆగస్టున వియన్నాలో నెల్ల యొడంబడిక జరిగెను. దానివలన రుగోవా కొండలలో 8,000 హెక్టారులకుఁ బైగాఁ దమ బీళ్లు పోవునని కొసోవోలోని ప్రతిపక్షములవారు వాదించిరి. శాసనసభలోనే కన్నీటివాయువు ప్రయోగింపఁబడెను. తమ ప్రజలకు నైరోపాలో ననుమతిపత్రము లేక తిరుగు హక్కు కావలయునన్నచో నీ యొడంబడికను మున్ను స్థిరపఱుపవలెనని యైరోపా సమాఖ్య నిబంధన విధించియుండుటచే, 2018 మార్చి 21న నది యామోదింపఁబడెను. ఆ హక్కు 2024 జనవరి 1న లభించినది. దూరదేశములకుఁ బోవు దారికై యింటివెనుక బీటిని గూర్చిన వాదము విడువవలసి వచ్చె నని కొండవారు తలఁచినచో నాశ్చర్యము లేదు.

పాటలోని సీమ

రేఖలచేఁ జీల్పఁబడని దొక్కటి యీ సీమలో నున్నది, అది వీరగానము. స్లావులు గూస్లె యనియు, నల్బేనియనులు లహూతా యనియుఁ బిలుచు ఒంటితంత్రి వాద్యమును గమానుతో వాయించుచు, పూర్వవీరుల పోరాటములఁ బాడు సంప్రదాయ ముభయజాతులకును సమానము. ఇరుభాషలయందును బాడఁగల గాయకులును గలరు. ప్లావ్ దిగువ లిమ్ తీరముననే యున్న బియెలొ పోల్యె పట్టణమున అవ్దో మెజెదోవిచ్ అను నిరక్షరుఁడగు మాంసవిక్రేత పాడిన 12,311 పంక్తుల కావ్యమును 1935లో అమెరికా పండితుఁడు మిల్మన్ పారీ వ్రాయించుకొనెను. హోమరు మహాకవి కావ్యములు నోటిపాటగాఁ బుట్టినవే యను సిద్ధాంతమునకు నీ గాయకులే ప్రత్యక్షప్రమాణమైరి.

నోవ్‌షిచె యుద్ధమును రెండుపక్షముల సాహిత్యమును గ్రహించినది. గ్యెర్గ్ ఫిష్తా యను ఫ్రాన్సిస్కను సన్న్యాసి యీ యెల్లపోరులనే వస్తువుగాఁ గొని, ముప్పది యాశ్వాసముల లహూతా ఎ మల్త్సీస్ అను మహాకావ్యమును రచించి, 1937లో సంపూర్ణముగాఁ బ్రకటించెను. ఇది తరువాతి యల్బేనియా ప్రభుత్వముచే నిషేధింపఁబడి, 1991 ప్రాంతమునఁ గాని వెలుఁగు చూడలేదు. మఱొకవైపున నా యుద్ధమున మాంటినీగ్రో సేనను నడిపిన మార్కో మిల్యానొవ్ ఏఁబదియేండ్ల ప్రాయమున నక్షరములు నేర్చి గ్రంథకర్త యయ్యెను. ఆయన 1901లో మరణించిన పిమ్మట వెలువడిన గ్రంథములలో నొకటి మానుషత్వమునకును, శౌర్యమునకును దృష్టాంతములఁ జెప్పునది. వేఱొకటి యల్బేనియనుల జీవనమును, ఆచారములను వర్ణించునది. ఏ జనముతోఁ దాను పోరెనో, యా జనము మాటకుఁ గట్టుపడు విధమును, అతిథిని గాచు విధమును గౌరవముతో వ్రాసిన సేనాని యాతఁడు.

నేఁడు మూఁడుదేశములును ఈ కొండలలోఁ దమతమ భాగములను రక్షితవనములుగాఁ బ్రకటించినవి. మూఁటిని గలుపుచు 192 కిలోమీటరుల కాలిబాట యొకటి యేర్పడినది. పూర్వము కాఁపరులు మందలతో దాఁటిన కనుమలనే యిపుడు యాత్రికులు దాఁటుచున్నారు. ఐనను ప్లావ్, గూసిన్యెలనుండి యనేకకుటుంబములు న్యూయార్కునకు వలసపోయినవి. కాతూనులు పెక్కులు వేసవియందును శూన్యముగా నున్నవి. ఎల్ల తెఱచునప్పటికి మంద నెక్కించువాఁడు లేకపోవుట యీ సీమచరిత్రములోని కడపటి చిక్కు. బెర్లినునఁ గూర్చున్నవారు మన్నుమోసిన వృద్ధు నొకని నడిగియున్నచో నెల్లలు దోషరహితముగా నుండెడివని యెవరును జెప్పఁజాలరు. కాని యే భూమిని జీల్చుచున్నామో వారికిఁ దెలిసియుండెడిది.